కాల్చని ఆరు పిక్కలు

మంగళవారం ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ ఆటోలో మా అప్ప ఒక మాట అంది. గురువారం నుంచి డయాలసిస్‌కు వెళ్ళదట. అప్ప అంటే మా వైపు అక్క. ఆ మాట విసుగులో అన్నదా, నిశ్చయించుకుని అన్నదా అని రాత్రంతా కూడికలూ తీసివేతలూ వేసుకుని, ఏదీ తేలక, బుధవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. కాశీబుగ్గలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు, మూడు వందల పది అడుగులు. వెళ్ళేసరికి అప్ప మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అప్ప కోడలు లావణ్య వంటింట్లో అటక సర్దుతోంది. నేల మీద మందపాటి సత్తు క్యారేజీ గిన్నె ఒకటి ఉంది. అంచుకు వేలెడు కింద నుంచి అడుగు దాకా దాని ఒంటి నిండా చిన్న చిన్న గుంటలు, మశూచి పోసిన ముఖంలాగా.

"పారేద్దామా చిన్నత్తా? చిల్లు పడతాదేమో" అంది లావణ్య.

ఆ గుంటలు ఉప్పు తిన్నవి. నౌపడ ఉప్పు. ఆ గిన్నెలో నాలుగు గ్లాసులు పడతాయని కొలవకుండానే చెప్పగలను. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ వయసులో దాన్ని ఎన్నిసార్లు నింపానో. పారెయ్యవద్దని చెప్పి, అక్కడే పీట మీద కూర్చున్నాను.

మంగళవారం జరిగింది ముందు చెప్పాలి. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శని వారాల్లో, అప్పను పలాసలో డయాలసిస్‌కు తీసుకెళ్ళేది నేనే. అప్పకు రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే, కూరలో పులుసు, మాత్ర మింగే గుక్క అన్నీ కలిపి. ఆ లెక్క రాయడానికి నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. మంగళవారం మంచం దగ్గరకు వచ్చిన సిస్టరు ఎప్పటిలాగే "నీళ్ళెన్ని తాగారమ్మా?" అని అప్పను అడిగింది. నేను పుస్తకం తీసి, "నిన్న మూడు గ్లాసులు, రెండు చెంచాల మజ్జిగ" అని చదివాను. అప్ప నావైపు చూసింది. "నా నోరు వాసిపోనాదేటే, నువ్వు సెప్తన్నావు?" అంది. నేను నవ్వాను. అది మా ఇద్దరికే తెలిసిన పాత మాట. కానీ అప్ప నవ్వలేదు. తిరుగు దారిలో ఆటో రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, "అక్కడ మెషిను లెక్కెడతాది. ఇంటికొత్తే నువ్వు లెక్కెడతావు. నాను మనిసినా, ఐసు గడ్డనా? గురువారం నానెల్లను" అంది.

ఐసు గడ్డ అని అప్ప ఊరికే అనలేదు. లెక్కలు నాకు బడిలో వచ్చినవి కావు. ఏడో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాత ముప్పై ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల ముందు కూర్చున్నాను. పౌండుకు రెండు వందల నలభై తూగే పప్పు ఏదో, మూడు వందల ఇరవై తూగేది ఏదో గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్ళకే తెలిసిపోతుంది. కానీ ఆ వేళ్ళకు మొదటి పాఠం చెప్పింది మా అయ్య తెచ్చే ఐసు గడ్డే. అయ్య, అంటే మా నాన్న, కాశీబుగ్గలో చేపల కోసం ఐసు చేసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఐసు గడ్డలు లారీల్లో సముద్రం ఒడ్డు ఊళ్ళకు వెళ్ళిపోయేవి. విరిగిన ముక్కలు పనివాళ్ళు తెచ్చుకోవచ్చు. ఎప్పుడైనా, నెలకో రెండు నెలలకో, అయ్య ఒక ముక్కను ఊకలో పొర్లించి, గోనెలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని మా ఊరు తెచ్చేవాడు. పదకొండు కిలోమీటర్లు, సగం దారి జీడితోటల మధ్య ఇసకలో నడిపించాలి. బయలుదేరేటప్పుడు మూర పొడుగున్న గడ్డ ఇంటికి చేరేసరికి జానెడు అయ్యేది. అయ్య దిగీ దిగకముందే నేను గోనె విప్పి జానపెట్టి కొలిచేదాన్ని. ఎండ ముదిరిన రోజు జానకు రెండు వేళ్ళు తక్కువ. మబ్బు పట్టిన రోజు జానా నాలుగు వేళ్ళు. "ఇది నన్ను సూడదు, దాహం వేసిందా అని అడగదు. గడ్డ ఎంతుందో సూత్తాది" అని అయ్య అమ్మతో చెప్పి నవ్వేవాడు. ఆ మాటలో నవ్వుతోపాటు ఇంకేదైనా ఉందేమోనని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ గోనెకు చేపల వాసన. ఒడ్డుకు వెళ్ళి తిరిగొచ్చిన గోనెలే ఫ్యాక్టరీలో మళ్ళీ వాడేవారు. అందుకని మా ఇంట్లో ఐసుక్రీము చేసే రోజు వాకిలంతా ఎండుచేపల కమటు, వంటింట్లో ఏలకుల వాసన. రెండూ గుమ్మం దగ్గర కలిసేవి. ఇప్పటికీ నాకు ఐసుక్రీము అంటే ఆ గుమ్మమే.

కాశీబుగ్గ బజారులో ఐసుక్రీము అమ్మేవాడి దగ్గర చెక్క బకెట్టు, దాని మీద చేత్తో తిప్పే మర ఉండేవి. మాకు మర లేదు. మర లేకుండా ఎలా అని ఒకసారి అయ్య అడిగితే, "తిప్పీదేదో ముందే తిప్పీస్తే సరి" అంది అమ్మ. అమ్మ పుట్టిల్లు టెక్కలి దాటి నౌపడ పక్క, ఉప్పుమడుల ఊరు. ఆమెకు ఉప్పు సంగతి తెలుసు. ఉప్పు కలిసిన ఐసు ఉత్త ఐసు కన్నా ఎక్కువ చల్లనని ఎవరూ చెప్పకుండానే తెలుసు. మూడు దోసిళ్ళ ఐసుకు ఒక దోసిలి కల్లుప్పు. రెండు పూటల మీగడ తీసి ఉంచి, ఆ గిన్నెను ఐసు మీద నిలబెట్టి, కవ్వంతో చిలికేది. నేను లెక్కపెట్టేదాన్ని. నూట నలభై లాగుళ్ళకు మీగడ పొంగి కవ్వానికి పట్టుకునేది. ఇంకో ముప్పై లాగితే వెన్న అయిపోయేది. "నూట నలభై అయినాయమ్మా, ఆపు" అని అరవడం నా ఉద్యోగం. ముందే పొయ్యి మీద పాలూ పంచదారా సగానికి సగం ఇగిరి, తేనెలా చిక్కబడి, చల్లారి ఉండేవి. రెండూ నెమ్మదిగా కలిపి, కాల్చి కొట్టిన జీడిపప్పు ముద్ద వేసి, ఈ క్యారేజీ గిన్నెలో పోసి మూత పెట్టేది. ఉప్పునీళ్ళు లోపలికి పోకుండా మూత చుట్టూ తడిపిన పిండి మెత్తేది. బకెట్టులో ఐసు, ఉప్పు, మధ్యలో గిన్నె, పైన గోనె. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. చూడడానికి మూత తీస్తే అయిపోయినట్టే. మధ్యాహ్నం పెట్టింది పొద్దు వాలేవరకు. మా ఇంట్లో ఆకలి కన్నా ఓపిక ఎక్కువ నేర్పింది ఆ బకెట్టే.

అప్ప పదో తరగతి పాసయినప్పుడు అయ్య జానెడు కాదు, మూరెడు గడ్డ తెచ్చాడు. లారీవాణ్ణి బతిమాలి ఊరి మొగదాకా లారీలోనే వచ్చాడు. మర్నాడు టెక్కలి కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. మా వీధిలో ఆడపిల్లలెవరూ టెక్కలి వెళ్ళి చదివింది లేదు. అమ్మ నాకొక పని అప్పగించింది. కాల్చిన పిక్కలు కొట్టి యాభై పప్పు తీసి రోట్లో వేసి రుబ్బమంది. పిక్కలు అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు. పెంకులో జీడి ఉంటుంది, నల్లటి నూనె, ఒంటికి తగిలితే కాలుతుంది. అందుకే ముందు మంటలో కాలుస్తారు. మా జీడితోటల ఉద్దానంలో పుట్టిన పిల్లలకు నడక వచ్చేలోపే ఇది తెలుసు.

కొట్టాను. నలభై నాలుగు వచ్చాయి. పుచ్చినవి పోగా మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను, నలభై నాలుగే. అమ్మ యాభై అంది. నలభై నాలుగుతో అమ్మకు సరిపోయేదే, అడిగి ఉంటే చెప్పేదే. కానీ అడగడమంటే తక్కువయ్యాయని ఒప్పుకోవడం. మూల బుట్టలో కాల్చని పిక్కలు ఉన్నాయి. అమ్మ చేసేటట్టే చేతులకు మోచేతి దాకా కొబ్బరినూనె రాసుకున్నాను, జీడి అంటకుండా. ఆరు పిక్కలు రాయితో కొట్టి, పప్పు తీసి, పొట్టు కూడా తియ్యకుండా రోట్లో వేశాను. యాభై అయ్యాయి. నా చేతులకు ఏమీ కాలేదు. ఆ ముద్ద నోళ్ళలోకి వెళుతుందన్న సంగతి నాకు తట్టలేదు. నూనె చేతులకు రాసుకున్నాను, అంతే.

సాయంత్రం గిన్నె తీశారు. గట్టిగా, తెల్లగా, గరిటె దిగితే చప్పుడయ్యేంత బాగా వచ్చింది. అప్పది కాబట్టి అప్పకు ఐదు గరిటెలు. మాకు తలా ఒకటి. నాలుక కొంచెం చురుక్కుమంటోందని అయ్య అన్నాడు. "సల్లదనమేలే" అంది అమ్మ. తెల్లవారేసరికి మా పెదవుల మీద తలా ఒక పొక్కు. అప్ప ముఖంలో మాత్రం పెదవులే లేవు, రెండు వంకాయలు ఉన్నాయి. నోరు తెరవలేదు, మూయలేదు.

"ఎవులే ఇది? కాల్సని పిక్కలు ఎవులు కొట్టినారు?" అని అమ్మ చీపురు తీసింది.

నేను రోలు వెనక నిలబడి ఉన్నాను. అప్ప చెయ్యి ఎత్తింది. తనే అన్నట్టు గుండె మీద వేలు పెట్టి చూపించింది.

"పదో తరగతి పాసైనావు, పిక్క కాల్సాలని తెల్దేటే నీకు? కాలేజీకెల్తాదట, కాలేజీకి!" అంటూ అమ్మ చీపురు కింద పడేసి, ఏడుస్తూనే అప్ప మూతికి వెన్న రాసింది.

అయినా బయలుదేరాం. ఆఖరి రోజు కదా. అయ్యకు సెలవు లేదు. అమ్మ, అప్ప, నేను కాశీబుగ్గ దాకా నడిచీ, బండెక్కీ, అక్కడి నుంచి బస్సులో టెక్కలి. అప్ప ఓణీ కొంగు ముక్కు మీదుగా చుట్టుకుంది. కాలేజీ ఆఫీసు గుమ్మం దగ్గర అమ్మ ఆగిపోయింది. మేమిద్దరం లోపలికి వెళ్ళాం. గుమాస్తా తల ఎత్తకుండా పేరడిగాడు. అప్ప గొంతులోంచి ఏదో వచ్చింది గానీ అది పేరు కాదు.

"మా అప్ప పేరు వరాలమ్మండి" అన్నాను.

"దానికి నోరు లేదా?"

"ఉందండి. వాసిపోనాది."

ఆయన అప్పుడు తల ఎత్తాడు. తండ్రి పేరు, ఊరు, ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు, అన్నీ నేనే చెప్పాను. మొత్తం కూడా చెప్పేశాను. ఆయన ఇంకా మూడో సబ్జెక్టు దగ్గర ఉన్నాడు. అప్ప పేరు రిజిస్టరులోకి ఎక్కింది. తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వెందుకు సెప్పినావప్పా నువ్వే అని?" అని అడిగాను. అప్పకు జవాబు చెప్పే నోరు లేదు. నా తల మీద వేళ్ళ కణుపులతో మెల్లగా మొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరు వరకు లెక్కపెట్టి ఆపింది. ఎన్ని పిక్కలు వేశానో ఆమెకు అంతకుముందే తెలుసన్నమాట. ఆ రోజు నుంచి నేనేదైనా కొలతకు పట్టుబడితే, "ఏటే సిన్నీ, ఆరు తక్కువైనాయా?" అంటుంది. నేను ఆమె తరఫున మాట్లాడితే, "నా నోరు వాసిందేటే?" అంటుంది. అప్ప టెక్కలిలో రెండేళ్ళు చదివి, అంగన్‌వాడీ టీచరు అయ్యింది. ఎంతమంది పిల్లల బరువులు తూచిందో, ఎత్తులు కొలిచిందో. కొలవడం ఆమెకూ తెలుసు. తనను కొలిపించుకోవడమే కొత్త.

ఈ సంగతులన్నీ పీట మీద కూర్చుని లావణ్యకు చెప్పాను. లావణ్య ఫోను తీసి, "మర తిప్పకుండా ఐసుక్రీము ఇప్పుడు అందరూ చేసేత్తన్నారు చిన్నత్తా, సూడు" అని ఒక వీడియో చూపించింది. డబ్బాలో దొరికే క్రీము గిలక్కొట్టి, డబ్బాలో దొరికే చిక్కపాలు కలిపి, ఫ్రిజ్‌లో పెట్టడమే. మా అమ్మ పద్ధతే, ఐసూ ఉప్పూ లేకుండా. మంచం మీద నుంచి, గోడవైపు తిరిగే ఉన్న అప్ప గొంతు వినిపించింది.

"అమ్మ సేసినట్టుంటాదేటి, సెప్పు."

నెల రోజుల్లో అప్ప తిండి గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. నేను వెంటనే సిస్టరుకు ఫోను చేశాను. అప్ప రక్తపరీక్షల కాగితాలు చూసి, పెద్ద డాక్టరును అడిగి చెబుతానంది. అరగంటకు చెప్పింది. రెండు చెంచాలు, అవి నీళ్ళ లెక్కలో వెయ్యాలి, జీడిపప్పు మొత్తం గిన్నెకు ఒక్కటే, రుచికి. ఇది అప్పకు చెప్పిన కొలత, ఇంకొకరికి కాదు.

పది గంటలకు మొదలుపెట్టాం. గ్లాసుడు క్రీము పోసి లావణ్య బీటరు ఆన్ చేసింది. లాగుళ్ళు లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగం. చూస్తుండగానే క్రీము లేచి లేచి గ్లాసుడు కాస్తా దాదాపు రెండు గ్లాసులయింది. నాకు అక్కడ ఒక ఆలోచన తట్టింది. పెరిగిందంతా ఏమిటి? గాలి. గాలి నీళ్ళ లెక్కలోకి రాదు కదా. చిక్కపాలూ పప్పూ కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. సాయంత్రం అది గట్టిపడ్డాక ఒక చెంచా తీసి గిన్నెలో కరగనిచ్చి, మందుసీసా మూతలో పోసి గీతలు చూశాను. సగం చెంచా కన్నా కొంచెమే ఎక్కువ ఉంది. ఇంకోసారి చేశాను, అంతే. మూడున్నర చెంచాలు కరిగితే రెండు చెంచాలు. మళ్ళీ సిస్టరుకు ఫోను చేస్తే, "మీరు మనుషులేనా?" అని నవ్వి, సరేనంది. మూడున్నర. నాలుగు చేద్దామని చెయ్యి ఊరుకోలేదు, మంచి అంకె అది. చెయ్యలేదు.

ఆ మూడున్నర చెంచాలూ సత్తు గిన్నెలో వేసి తీసుకెళ్ళి అప్ప పక్కన పెట్టాను. అప్ప లేచి కూర్చుంది. గుంటలను వేలితో తడిమింది. లెక్క మొత్తం నేను ఆమెకు చెప్పాను, గాలి సంగతి కూడా.

"గాలి తినిపిత్తన్నావేటే నాకు?" అంది. తర్వాత, "పప్పు ఎన్నేసినావు?"

"ఒక్కటి. కాల్చిందే."

అప్పుడు నవ్వింది. నేను నోటు పుస్తకం తెరిచి పెన్సిలు తీశాను, అలవాటు. ఆమె చూపు పుస్తకం మీద ఆగింది. నవ్వు తగ్గింది. అయ్య గుర్తొచ్చాడు. పదకొండు కిలోమీటర్లు తొక్కి వచ్చిన మనిషి ముఖం వైపు చూడకుండా గోనె విప్పిన పిల్ల గుర్తొచ్చింది. పుస్తకం, పెన్సిలు, మందుసీసా మూత మూడూ అప్ప ఒళ్ళో పెట్టాను. "నీ లెక్క నువ్వే రాసుకో అప్పా. నేను అడగను" అన్నాను. అంత చిన్న పుస్తకం చేతిలోంచి వదిలితే ఇంత భయం వేస్తుందని అనుకోలేదు.

అప్ప మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఎండుసేపల వాసన లేదు" అంది. రెండోది, మూడోది నెమ్మదిగా. చిన్నప్పుడు ఏ నుయ్యి నీళ్ళు ఎన్ని చెంబులు తాగామో ఎవరికీ లెక్క లేదు. ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఆ నీళ్ళలోనే ఉందా, మరెక్కడైనా ఉందా, ఇప్పటికీ నాకు ఎవరూ తేల్చి చెప్పలేదు. అప్పుడు ఐసు కోసం నెలలు ఎదురుచూశాం, నీళ్ళు లెక్క లేకుండా తాగాం. ఇప్పుడు ఐసు ప్రతి ఇంట్లో ఉంది, నీళ్ళకు లెక్క వచ్చింది. కానీ మెషినుకు పలాస చాలు, ఎక్కడికో పోనక్కరలేదు. ఫోను చేస్తే నవ్వే సిస్టరు ఉంది. అయ్య రోజుల్లో ఈ జబ్బుతో మంచం పట్టినవాళ్ళకు ఇవేవీ లేవు. తూకం వేస్తే ముల్లు ఇటే కాస్త మొగ్గుతుందని నాకు అనిపిస్తుంది.

అర చెంచా మిగిలి ఉండగా అప్ప ఆగి, పెన్సిలు నాలుకతో తడిపి, పుస్తకంలో ఏదో రాసుకుంది. నేను కిటికీ వైపు చూశాను. ఆ అర చెంచా కూడా తిని, గిన్నె లావణ్య చేతికిచ్చి, "ఫ్రిజ్‌లో మిగిలింది మూత గట్టిగా ఎట్టి దాయి. రేపు మెషినుకాడ నుంచొచ్చి తింతాను" అంది. లావణ్య నావైపు చూసింది. నేను చెంచా కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏమైనా అంటే చెడిపోతుందేమోనని.

గురువారం ఆరున్నరకు ఆటో వచ్చింది. అప్ప నాకన్నా ముందే ఎక్కి కూర్చుంది, ఒళ్ళో పుస్తకం. మంచం మీద పడుకోబెట్టాక సిస్టరు వచ్చి, "నీళ్ళెన్ని తాగారమ్మా?" అని, అలవాటు కొద్దీ నావైపు తిరిగింది. నేను గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను. అప్ప పుస్తకం తెరవనే లేదు.

"మూడు గ్లాసులకి రెండు సెంచాలు తక్కువ, తల్లీ. ఆటి బదులు మూడున్నర సెంచాల ఐసుక్రీము" అంది. "అందులో సగానికి దగ్గర గాలే."